మేడ మీదికి కనిపించని ప్రింటర్

పొయ్యిలు వేరైనా పచ్చడి గిన్నె రెండు వాటాల మధ్యా తిరగడం మానదు. కింద ఒక వాటా, మేడ మీద ఒక వాటా ఉన్న ఇళ్ళలో ఇది అందరికీ తెలిసిన సంగతే. కరివేపాకు చెట్టు ఒకటే. నీళ్ళ మోటారు ఒకటే. వడియాలు ఎండబెట్టుకునే డాబా ఒకటే. ఈమధ్య ఆ వరసలో ప్రింటర్ కూడా చేరింది. అయితే పచ్చడి గిన్నెకి లేని చిక్కొకటి దీనికుంది. గిన్నె మెట్లెక్కి వెళ్తుంది. ప్రింటర్ ఉన్నచోటే కూర్చుంటుంది. తీగ లేకుండా వైఫై మీద పనిచేసేదే అయినా, కింది వాటా వైఫైలో ఉంటే మేడ మీది ఫోనుకి అది కనిపించకపోవచ్చు!

"ఇంత చిన్న విషయానికి వ్యాసమా?" అని నవ్వకండి. చిన్న చిన్న విషయాల దగ్గరే కదండీ ఇళ్ళలో పెద్ద పెద్ద అలకలు మొదలయ్యేది!

ఇంట్లో ప్రింటర్ ఎందుకు?

మావారు మొదట్లో ఇదే మాట అన్నారు. వీధి చివర జిరాక్స్ షాపు ఉందిగా అని. ఉంది, నిజమే. కానీ అక్కడ ప్రింటు తీయించుకోవాలంటే మన కాగితం వాళ్ళ వాట్సాప్ నంబరుకి పంపాలి. ఆధార్ కార్డు, బ్యాంకు పాసు పుస్తకం మొదటి పేజీ, అమ్మాయి హాల్ టికెట్, ఆఖరికి మన స్కానింగ్ రిపోర్టు కూడా! ఎవరూ తీసెయ్యకపోతే అవన్నీ ఆ కంప్యూటర్లోనే ఉండిపోతాయి. షాపతను మంచివాడే కావచ్చు. ఆ కంప్యూటర్ ముందు రోజుకి ఎంతమంది కూర్చుంటారో ఎవరికి తెలుసు? లేడీ డాక్టరు ఇచ్చిన రిపోర్టు నలుగురి మధ్య మిషన్లోంచి బయటికొస్తుంటే "అది నాదేనండీ" అని చెయ్యి చాపడం ఎంత ఇబ్బందో మీకు చెప్పక్కర్లేదు. అందుకే ఇంక్ ట్యాంకు ప్రింటర్ ఒకటి కొని కింద హాల్లో టీవీ పక్కన పెట్టుకున్నాం.

నాకు కథలు రాసే అలవాటుంది. ఫోనులో టైపు చేసుకున్నా కాగితం మీద చదువుకుంటే గాని తప్పులు పట్టుబడవు. నవంబరు వచ్చిందంటే మామయ్యగారికి పెన్షన్ కాగితాలు. పిల్లలకి స్కూలు ప్రాజెక్టులు. మేడ మీద మా తోడికోడలు పదో తరగతి పిల్లలకి లెక్కల ట్యూషన్ చెబుతుంది. వారం వారం పరీక్ష పేపర్లు తియ్యాలి. మా అందరిలోకీ ప్రింటర్ అవసరం ఎక్కువగా ఉన్నది తనకే. సరిగ్గా తనకే అది కనిపించలేదు.

అలక ఎలా మొదలైంది

మా ఇంటికి ఇంటర్నెట్ కనెక్షన్ ఒకటే. కంపెనీ వాళ్ళు బిగించిన రూటర్ కింద ఉంది. దాని సిగ్నల్ మేడ మీదికి సరిగ్గా అందడం లేదని మా మరిది ఇంకో రూటర్ కొని, కింది రూటర్ నుంచి ఒక వైరు పైకి లాగి దానికి కలిపాడు. సినిమాలు, ఆన్‌లైన్ క్లాసులు అన్నీ బ్రహ్మాండంగా వస్తున్నాయి. ప్రింటు అనేసరికి మాత్రం ప్రింటర్లేవీ లేవంటుంది ఫోను. కిందికి దిగి మా వైఫైలోకి మారితే వెంటనే కనిపిస్తుంది. పైకి వెళ్తే మళ్ళీ మాయం.

మొదట్లో ఓపిగ్గానే దిగేది. తర్వాత జిరాక్స్ షాపుకి వెళ్ళడం మొదలుపెట్టింది. ఒకరోజు అత్తయ్యగారి దగ్గర అందిట: "అక్కావాళ్ళు లాక్ చేసుకున్నట్టున్నారు అత్తయ్యా. ఇంకు అయిపోతుందని కాబోలు. అడగడం ఎందుకులెండి."

ఆ మాట చెవిన పడ్డాక నాకు ఆ పూట అన్నం సహించలేదు. వేరు పడ్డ కొత్తలో ఇలాంటి మాట ఒక్కటి చాలు, రాకపోకలు తగ్గిపోవడానికి.

మర్నాడు మగవాళ్ళు ఆఫీసులకి వెళ్ళాక నేనే మెట్లెక్కాను. "ఇదుగో అమ్మాయ్, లాక్ ఎవరూ వెయ్యలేదు. ఎందుకు రావట్లేదో ఇద్దరం కలిసి చూద్దాం పద" అన్నాను. తను బీఎస్సీ మ్యాథ్స్, నేను బీఏ. రూటర్ పుస్తకం ముందేసుకుని, ఇంటర్నెట్‌లో నాలుగు చోట్ల చదివి, మధ్యాహ్నానికల్లా సంగతి తేల్చాం.

రెండు వీధులన్నమాట

ఫోనులో వైఫై పేరు పక్కనున్న గుర్తు మీద నొక్కితే వివరాల్లో ఐపీ అడ్రస్ అని కొన్ని అంకెలుంటాయి. కింద నా ఫోనులో అది 192.168.1తో మొదలైంది. పైన తన ఫోనులో 192.168.0తో మొదలైంది. చివరనున్న అంకె ఇంటి నంబరు అనుకోండి, ముందున్న మూడూ కలిపి వీధి పేరు. ఇళ్ళలో వాడే రూటర్లకి మామూలుగా ఇదే లెక్క. రెండో రూటర్‌ని కొన్నది కొన్నట్టు వైరుకి తగిలిస్తే అది చాలాసార్లు తనకంటూ విడిగా ఒక వీధి వేసుకుంటుంది. రెండు వైఫైలకీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డు పెట్టినా సరే, వీధులు రెండే!

ఇక ప్రింటర్ సంగతి. అది మన వీధిలో ఆకుకూరలమ్మే ఆవిడలాంటిది. "నేనిక్కడున్నాను" అని కేకేస్తుంది. కేక విన్న ఫోన్లు దాని పేరు చూపిస్తాయి. ఆ కేకని రూటర్ మామూలుగా వీధి దాటనివ్వదు. పక్క వీధివాళ్ళకి కేక వినపడనంత మాత్రాన ఆకుకూరలావిడ లేదని కాదు కదా! ఇంటి నంబరు తెలిస్తే నేరుగా వెళ్ళి తలుపు కొట్టొచ్చు.

మా తోడికోడలు ఫకాలున నవ్వేసింది. "అయితే అక్కా, మీ ప్రింటర్ నన్ను పిలుస్తూనే ఉంది, నాకే వినపడలేదన్నమాట!" అంది. నా గుండె మీద బరువు దిగిపోయింది.

మేం చేసిన పని

ముందు ప్రింటర్ నంబరు కావాలి. చాలా ప్రింటర్లలో వైఫై బటనో, సమాచారం బటనో నొక్కితే వివరాలన్నీ ఒక కాగితం మీద వస్తాయి. తెర ఉన్నవాటిలో తెర మీదే కనిపిస్తుంది. మాది 192.168.1.20.

ఈ నంబరుని రూటరే పంచుతుంది. కరెంటు పోయి వచ్చాక ఒక్కోసారి ఇంకో నంబరు ఇస్తుంది. అప్పుడు మన శ్రమంతా మళ్ళీ మొదటికొస్తుంది. అందుకని కింది రూటర్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి 'అడ్రస్ రిజర్వేషన్' అన్నచోట ఆ నంబరుని ప్రింటర్‌కే రాసిచ్చేశాం. ఆ సెట్టింగ్స్‌లోకి వెళ్ళే అడ్రసు, పాస్‌వర్డు చాలా రూటర్లకి అడుగున చీటీ మీద ఉంటాయి.

తర్వాత మేడ మీది కంప్యూటర్లో ప్రింటర్లు, స్కానర్లు ఉన్నచోటికి వెళ్ళి, 'యాడ్ మాన్యువల్లీ' నొక్కి, ఐపీ అడ్రస్‌తో చేర్చే దారి ఎంచుకుని ఆ నంబరు కొట్టాం. ఆండ్రాయిడ్ ఫోనులో కూడా ప్రింటింగ్ సెట్టింగ్స్‌లో 'డిఫాల్ట్ ప్రింట్ సర్వీస్' కింద ఐపీ అడ్రస్ ఇచ్చి ప్రింటర్‌ని చేర్చుకోవచ్చు. ఐఫోనులో మాత్రం అలా నంబరు కొట్టే వీలు ఫోనులోనే లేదు. ఐఫోనువాళ్ళు ప్రింటు వేళకి కింది వైఫైలోకి మారడమే సులువు.

పైన నొక్కితే కింద హాల్లో పేపరు బయటికొచ్చింది. మామయ్యగారు "ఎవరే ప్రింటు తీసింది, ఇక్కడెవరూ లేరే!" అని కంగారుపడ్డారు.

ప్రింటర్ ఏ వాటాలో ఉండాలి?

ఇది గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. మేడ మీది నుంచి చూస్తే కింది వాకిలి కనిపిస్తుంది. వాకిట్లో నిలబడితే మేడ మీది గదులు కనిపించవు. రూటర్లూ అంతే. రెండో రూటర్ వీధిలోని ఫోను మొదటి రూటర్ వీధిలోకి వెళ్ళగలదు. అటునుంచి ఇటు రావడం మామూలుగా కుదరదు. కాబట్టి అందరూ వాడుకునే ప్రింటర్ మొదటి రూటర్ కిందే ఉండాలి. పైన పెట్టి ఉంటే మా పని ఇంత తేలిగ్గా అయ్యేది కాదు.

ఇదే కారణంగా, ప్రింటర్ మీద బటన్ నొక్కి మేడ మీది కంప్యూటర్‌కి స్కాన్ పంపించడం కుదరకపోవచ్చు. స్కాన్ పనులకి తను కిందికే దిగుతుంది. ఆ వంకన కాఫీ కూడా అవుతుంది!

"రెండు వీధుల్నీ ఒకటి చేసెయ్యొచ్చుగా?" అని అడుగుతారేమో. చెయ్యొచ్చు. రెండో రూటర్‌ని 'యాక్సెస్ పాయింట్ మోడ్' లోకి మారిస్తే ఇల్లంతా ఒకే వీధి అవుతుంది, ప్రింటర్ అందరికీ దానంతటదే కనిపిస్తుంది. దాచుకోవాల్సిందేమీ లేని ఇంట్లో అదే మేలు. మా మరిదికి వారంలో మూడు రోజులు ఇంటి నుంచే ఆఫీసు పని. కింద మా పిల్లల ఫోన్లలో ఎక్కడెక్కడి ఆటలో ఉంటాయి. ఆయన ల్యాప్‌టాప్ వేరే వీధిలో ఉండడమే మంచిదనుకున్నాం. ఒక్క ప్రింటర్ కోసం మధ్య గోడ పడగొట్టక్కర్లేదు.

పైన అద్దెకున్నవాళ్ళయితే?

అప్పుడు లెక్క మారుతుంది. రెండో రూటర్ అద్దెవాళ్ళదైతే వాళ్ళ వీధిలోంచి మీ ప్రింటరే కాదు, మీ కెమెరా, మీ టీవీ కూడా అందుబాటులో ఉంటాయి. మనుషులు ఎంత మంచివాళ్ళయినా అంత చనువు అవసరం లేదు. మీ రూటర్లో 'గెస్ట్ నెట్‌వర్క్' ఉంటే వాళ్ళకి అది ఇవ్వండి. అందులో ఇంటర్నెట్ వస్తుంది, మీ వస్తువులు కనిపించవు. ప్రింటర్ కూడా కనిపించదు. అందుకని కొన్ని రూటర్లలో అతిథుల్ని ఇంటి నెట్‌వర్క్‌లోకి రానిచ్చే మీట ఒకటుంటుంది. ప్రింటు కోసం దాన్ని వేస్తే అన్ని తలుపులూ తెరిచినట్టే. ఎప్పుడో ఒక కాగితం కావాలంటే మీకు పంపమనండి, తీసి ఇవ్వండి.

రెండు వాటాలకీ రెండు కంపెనీల కనెక్షన్లుంటే మధ్యలో దారే ఉండదు, నంబరు కొట్టినా లాభం లేదు. అప్పుడు ప్రింటర్‌లో 'వైఫై డైరెక్ట్' ఉందేమో చూడండి. ప్రింటర్ తనే ఒక చిన్న వైఫై పేరుతో కనిపిస్తుంది. ఫోనుని దానికి కలిపి ప్రింటు తీసుకుని, మళ్ళీ మీ వైఫైలోకి వచ్చెయ్యడమే. దగ్గర్లో ఉంటేనే అందుతుంది. దానికి పాస్‌వర్డు మాత్రం తప్పకుండా ఉండాలి.

ఒకప్పుడు గూగుల్ క్లౌడ్ ప్రింట్ అని ఉండేది. ఏ వీధి నుంచైనా ఇంటర్నెట్ మీదుగా ప్రింటు పంపుకునేవాళ్ళు. 2020 డిసెంబరు 31తో దాన్ని ఆపేశారు. పాత సలహాల్లో ఆ పేరు కనిపిస్తే వదిలెయ్యండి.

ఇంకో మాట. పైవాళ్ళకి ప్రింటర్ అందడం లేదని రూటర్లో బయటి ఇంటర్నెట్ వైపు తలుపు తియ్యమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. దాన్ని 'పోర్ట్ ఫార్వర్డింగ్' అంటారు. అలా తెరిచి ఉంచితే లోకంలో ఎవరైనా మన ప్రింటర్‌కి కాగితం పంపొచ్చు. 2018 నవంబరులో సరిగ్గా అదే జరిగింది. ఒక యూట్యూబ్ చానెల్‌కి చందాదారులుగా చేరమంటూ ఎక్కడెక్కడి ఇళ్ళలో, ఆఫీసుల్లో ప్రింటర్లు వాటంతటవే కాగితాలు కక్కాయి. 50 వేల ప్రింటర్లకి పంపానని ఆ పని చేసినతను చెప్పుకున్నాడు.

ఇప్పుడు మా ఇంట్లో ఇంకు మాది, కాగితాల కట్ట మేడ మీదివాళ్ళది. పరీక్షల ముందు ట్యూషన్ పేపర్లు ఎక్కువైతే ఇంకు సీసా కూడా తనే తెస్తుంది, నేను కాదనను. ప్రింటర్ నంబరు చీటీ మీద రాసి దాని మూతకే అంటించాం. మీ ఇంట్లోనూ పై వాటావాళ్ళకి ప్రింటర్ కనిపించకపోతే, మాట పట్టింపుకి పోయే ముందు రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి ఆ అంకెలు ఒక్కసారి చూడండి. ఐదు నిమిషాల పని.