ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ

భిలాయి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నెస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. సోవియట్ సాయంతో లేచిన ఆ కర్మాగారంలో పని వెతుక్కుంటూ దేశం నలుమూలల నుంచీ జనం వచ్చారు, తెలుగువాళ్లూ వచ్చారు. భిలాయిలోని క్యాంప్ 1 బస్తీ తెలుగు ఇళ్లల్లో పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, బడిలో హిందీ. ఇన్ని భాషలైతే పిల్లల బుర్ర తికమకపడుతుందని ఇంట్లో తెలుగు మానేసే తల్లిదండ్రులు ఇలాంటి ఊళ్లన్నిటా ఉంటారు.

ఒకప్పుడు పరిశోధకులకూ ఈ భయమే ఉండేది. 1920లలో వేల్స్ పల్లెల్లో రెండు భాషల పిల్లలు తెలివితేటల పరీక్షల్లో వెనకబడ్డారు. 1962లో మాంట్రియల్‌లో పీల్, లాంబర్ట్ అనే పరిశోధకులు, కుటుంబాల స్థితిగతులు సమానంగా ఉన్న పిల్లలను పోల్చి చూస్తే ఫలితం తిరగబడింది. రెండు భాషల పిల్లలే ముందున్నారు.

మనకు మరీ దగ్గరి సాక్ష్యం హైదరాబాద్‌ది. అక్కడి నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. ఒక్క భాషే వచ్చినవారికంటే రెండు లేదా అంతకుమించి వచ్చినవారిలో జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది. అక్షరం ముక్క రానివారిలోనూ ఈ తేడా కనిపించడం నన్ను బాగా ఆకట్టుకున్న విషయం. అంటే ఇది చదువు ఇచ్చిన బలం మాత్రమే కాదు. అంతకుముందు డిమెన్షియాపై జరిగిన కెనడా అధ్యయనాల్లో రెండు భాషలవారిలో చాలామంది వలస వచ్చినవారే కాబట్టి, ఫలితం భాషదా వలసదా అన్న సందేహం ఉండేది. హైదరాబాద్‌లో ఆ చిక్కు లేదు.

ఈ తేడాకు కారణంగా ఎక్కువమంది పరిశోధకులు చెప్పేది ఇది: రెండు భాషలు తెలిసినవారి మెదడులో రెండూ ఎప్పుడూ మేలుకునే ఉంటాయి. ఒకటి మాట్లాడాలంటే రెండోదాన్ని అణచాలి. రోజంతా సాగే ఈ కసరత్తు, దృష్టిని అదుపుచేసే ముందుభాగపు నాడీవలయాలకు బలమిస్తుందని వారి వివరణ. ఆరోగ్యంగా ఉన్న యువతలో మాత్రం ఫలితాలు ఒకేలా రాలేదు. కాబట్టి భాషలు నేర్పితే ఐక్యూ పెరుగుతుందని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి.

హైదరాబాద్ అధ్యయనంలో మూడో భాష వల్ల అదనపు లాభమేమీ కనిపించలేదు. అలాగైతే భిలాయి పిల్లలకు హిందీ, ఛత్తీస్‌గఢీ చాలవా, తెలుగెందుకు? పిల్లల ఆలోచన ఎదిగేది పెద్దలతో నిండుగా మాట్లాడినప్పుడు. తనకు సగమే వచ్చిన హిందీలో అమ్మ బిడ్డతో మాట్లాడితే ఆ మాటలు పొడిపొడిగా ముగుస్తాయి. అదే అమ్మ తెలుగులో అయితే ఎందుకు, ఎలా, లేకపోతే ఏమయ్యేది అంటూ ఎంతసేపైనా చెప్పగలదు. ఆ పిల్లవాడికి హిందీ ఎలాగూ వస్తుంది, వీధీ బడీ నేర్పుతాయి.