నాకేమి వచ్చును?

ఆంగ్ల వాచకములలో తప్పక కనిపించు పాఠమొకటి కలదు. “నీవేమి చేయగలవు? నీ ప్రతిభ యేది?” అని ఉపాధ్యాయుడు ప్రశ్నింపవలెను. “ఐ కెన్ సింగ్”, “ఐ కెన్ స్విమ్” అని విద్యార్థి బదులు చెప్పవలెను. చూచుటకు ఇంతకంటె సులభమైన పాఠము లేదు. “కెన్” అను సహాయక క్రియ యొకటి, దాని వెంట మరియొక క్రియ, ఇంతియే వ్యాకరణము. అయినను తరగతిని నిశ్శబ్దములో ముంచివేయునది ఈ పాఠమే.

బోధన్ సమీపమున, నిజాంసాగరు కాలువ క్రింది గ్రామములో ఒక ఎనిమిదవ తరగతిని ఊహించుకొందము. ఉపాధ్యాయుడు ప్రశ్న వేసెను. మొదటి వరుసలోని బాలుడు లేచి “ఐ కెన్ సింగ్” అనెను. వానికి పాట రాదు. పుస్తకములోని మాటను అప్పగించెను. రెండవవాడును అదియే పలికెను. మూడవవాడు లేచి, తల వంచుకొని, “నాకేం రాదు సార్” అనెను. సెలవు దినమున వాడు తండ్రి వెంట చేనికి పోవును. తండ్రి చెరకు గడను ముచ్చెలుగా నరుకుచుండగా, ఏ కన్ను మొలచునో, ఏ కన్ను చచ్చినదో చూపుతోనే కనిపెట్టి, మంచి ముచ్చెలను వేరుచేసి పెట్టును. ఆ సంగతి వాని నెవ్వరును అడుగలేదు. అది ప్రతిభలో లెక్కకు వచ్చునని వానికిని తెలియదు.

వాని మాటలోని “రాదు” అను పదమును కొంచెము పరిశీలింతము. తెలుగులో “నాకు ఈత వచ్చును” అందుము. ఇచ్చట కర్త ఈత, నేను కాదు. విద్య ఎక్కడినుండియో నడచి నా యొద్దకు వచ్చినది. నేను దానికి చోటిచ్చినవాడను మాత్రమే. నిజామాబాదు వీథులలో వినవచ్చు ఉర్దూలోను “ముఝే తైర్‌నా ఆతా హై” అందురు. సరిహద్దు దాటి బోధన్ సంతకు వచ్చు మరాఠీవారును “మలా పోహతా యేతే” అందురు. మూడు భాషలలోను విద్య వచ్చునదియే. ఇంగ్లీషులో మాత్రము “ఐ కెన్ స్విమ్”. అచ్చట “నేను” ముందు నిలుచును, సామర్థ్యము నాది.

ఈ రెండు పద్ధతులలో ఒకటి గొప్పది, ఒకటి తక్కువది యనుట కాదు. కాని మన బాలుడు “ఐ కెన్” అనుటకు సంకోచించినపుడు, ఆ సంకోచము బుద్ధిమాంద్యము కాదని ఉపాధ్యాయుడు గ్రహింపవలెను. ఆత్మస్తుతి తగదని ఇంట పెద్దలు నేర్పినారు. వాని మాతృభాషలోని వాక్యమును “నేను” అనుదానిని వెనుకకే ఉంచినది. అట్టివానిని ఒక్కసారిగా “నేను గలను” అని నలుగురిలో పలుకుమనుట క్రొత్త వ్యాకరణము నేర్పుట మాత్రమే కాదు, క్రొత్త నడవడి నేర్పుటయు అగును. దానికి కొంత వ్యవధి కావలయును.

ఉపాయము లేకపోలేదు. “నీకేమి వచ్చును?” అని అడుగుటకు ముందు “నీ ప్రక్కవానికేమి వచ్చును?” అని అడుగవలెను. స్నేహితుని పొగడుటకు ఏ బాలుడును సిగ్గుపడడు. “వీడు చెట్టు మీద గూడు చూచి పిట్ట పేరు చెప్తడు సార్” అని ముందుగా తెలుగులోనే చెప్పనిండు. తరువాత దానిని ఇంగ్లీషులోనికి తెచ్చునపుడు “హి నోస్ ది బర్డ్ బై ఇట్స్ నెస్ట్” అని చెప్పవలసి వచ్చును. “నో” ప్రక్కన మన పిల్లలు నిత్యము మరచు “స్” అను చిన్న ప్రత్యయము అచ్చటనే పట్టుబడును. “గుడ్ ఇన్” కాదు, “గుడ్ ఎట్” అనవలెనని చెప్పుటకును అదియే తరుణము. ఇతరుని గురించి పది వాక్యములు పలికిన పిదప తన గురించి ఒక్క వాక్యము పలుకుట వానికి కష్టము కాదు. పైగా, తనలో తానెరుగని గుణమును స్నేహితుని నోట విన్నవాడు ఆ దినమును మరువడు.

రెండవ చిక్కు వాచకముల వలన వచ్చినది. పియానో వాయించుట, గుర్రపు స్వారి, మంచు మీద జారుట మొదలగునవి చాల వాచకములలో ప్రతిభకు ఉదాహరణలు. పియానోను కన్నులార చూడని బాలుడు “ఐ కెనాట్ ప్లే ది పియానో” అని వ్రాయును. వ్యాకరణము సరియైనదే, మార్కులును వచ్చును. కాని తన గురించి వాడు ఇంగ్లీషులో వ్రాసిన మొదటి వాక్యము “నాకు రాదు” అనునదే యగుట ఎంత విచారకరము!

పియానో లేనిచోట ఏమి కలదో చూతము. మంజీర నదిపై 1923లో ఆరంభించి 1931లో ముగించిన నిజాంసాగరు ఆనకట్ట ఈ ప్రాంతమును చెరకు సీమగా మార్చినది. 1937లో బోధన్ చెంత శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారము స్థాపింపబడినది. ఆసియాలో కెల్ల పెద్ద చక్కెర కర్మాగారములలో ఒకటిగా దానికి పేరు వచ్చెను. అచ్చట “పాన్‌మన్” అనబడు పనివాడుండెడివాడు. చెరకు రసము చిక్కబడి, గాలి తీసివేసిన పెద్ద పాత్రలో ఉడుకుచుండగా, అతడు కొంచెము పాకమును బయటికి తీసి, గాజు ముక్కపై పూసి, వెలుతురునకు ఎత్తి చూచును. పలుకు కట్టినదా, ఎంత పెద్దదైనది, ఇంక ఎంతసేపు ఉడుకవలెను అను నిర్ణయము అతని కంటిలో నుండెడిది. ఆ చూపు తప్పినచో ఆ వాయి యంతయు చెడును. ఊరిలో బెల్లము వండువాడును ఇట్టి విద్య గలవాడే. చల్లని నీటిలో ఒక చుక్క పాకము వేసి, వ్రేళ్లతో ఉండ చేసి చూచి, పెనమును దింపు క్షణము నిర్ణయించును.

నిజామాబాదు మార్కెట్టు యార్డునకు పోయిన పసుపు రాసులు కానవచ్చును. అనుభవము గల రైతు కొమ్మును విరిచి, ఆ చప్పుడు వినును. లోహపు చప్పుడు వలె ఖణీలుమన్నచో కొమ్ము బాగుగ ఎండినదని తెలియును. ఇక జిల్లాలో ఎన్నో ఇండ్లలో స్త్రీలు చేటను ఒడిలో పెట్టుకొని, తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, దారము చుట్టి బీడీలు చేయుదురు. ఆ వ్రేళ్ల వేగమును కంటితో అనుసరించుట కష్టము.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. ఈ నైపుణ్యములను పొగడి, ఆ పిల్లలను ఆ పనులకే కట్టివేయుట మన ఉద్దేశము కారాదు. బీడీలు చుట్టు తల్లి తన కుమార్తె ఆ చేట ముట్టరాదనియే బడికి పంపినది. తంబాకు ధూళి ఆమె ఊపిరి నేమి చేయుచున్నదో ఆమెకు తెలియును. కావున “మై మదర్ రోల్స్ బీడీస్” అను వాక్యము ఆ బాలికకు సిగ్గు కలిగింపరాదు, విధివ్రాతయు కారాదు. తల్లి వ్రేళ్లలో నేర్పున్నదని తెలిసిన బాలిక తన వ్రేళ్లతో మరియొకటి నేర్వగలనని నమ్మును. పుస్తకములో నున్నదే ప్రతిభయని నమ్మిన బాలికకు ఆ ధైర్యము రాదు.

“టాలెంట్” అను మాట చరిత్రయు తరగతిలో చెప్పదగినదే. ప్రాచీన గ్రీకు భాషలో దానికి తక్కెడ యనియు, తూనిక యనియు అర్థము. తరువాత అంత తూకము గల వెండి బంగారముల మొత్తమునకు పేరైనది. బైబిలులో మత్తయి సువార్తయందు, యజమాని తన సేవకులకు ఆ సొమ్ము అప్పగించి పోయిన ఉపమాన కథ కలదు. ఇద్దరు దానిని వృద్ధి చేసిరి. మూడవవాడు భయపడి భూమిలో పాతిపెట్టెను. ఆ కథవలననే ఆ మాటకు సహజ సామర్థ్యమను అర్థము ఇంగ్లీషులో స్థిరపడినది.

తూనిక మాట చెరకు సీమ పిల్లలకు క్రొత్తది కాదు. చెరకు బండి మొదట కాటా మీద నిలుచును. కాని కాటా చెప్పునది బరువు మాత్రమే. నూరు కిలోల చెరకు నుండి సుమారు పది కిలోల చక్కెరయే వచ్చును. అందును నేలను బట్టి, రకమును బట్టి, కోసిన కాలమును బట్టి భేదము కలదు. దానినే రికవరీ అందురు. అది తెలియవలెనన్న రసమును పరీక్షింపవలసినదే. మన పరీక్షల మార్కులు కాటా వంటివి. అవి అబద్ధము చెప్పవు; అయినను గడలోని తీపిని చెప్పలేవు.

మన అలంకార శాస్త్రము ఈ విషయమున ఒక సూక్ష్మమైన మాట చెప్పినది. క్రీస్తుశకము 900 ప్రాంతమున రాజశేఖరుడు తన కావ్యమీమాంసలో ప్రతిభను రెండు విధములుగ విభజించెను. కావ్యమును సృష్టించునది కారయిత్రి; కావ్యమును గుర్తించి ఆస్వాదించునది భావయిత్రి. గుర్తించుటయు ప్రతిభయే యని ఆయన మతము. విద్యార్థికి మొదటిది కావలెనన్న ఉపాధ్యాయునకు రెండవది ఉండవలెను.

దీనికి దృష్టాంతములు దూరమున వెదుక నక్కరలేదు. 1915లో నల్లగొండ సీమలో జన్మించిన వట్టికోట ఆళ్వారుస్వామి బాల్యమున ఒక ఉపాధ్యాయుని ఇంట వంటపని చేయుచు చదువు నేర్చెను. హోటలులో పనిచేసెను. పొయ్యి యొద్ద నున్న బాలునిలో చదువరిని ఆ గురువు చూడకున్నచో ఏమి జరిగి యుండెడిదో! ఆ బాలుడే 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించెను. “ప్రజల మనిషి” నవలను వ్రాసెను. 1948లో నిజామాబాదు ఖిల్లా చెరసాలలో ఆయనతోపాటు దాశరథి కృష్ణమాచార్యులును ఉండెను. కాగితము లేనిచోట దాశరథి గోడపై బొగ్గుతో పద్యము వ్రాసెను. ఉస్మానియాలో ఆంగ్ల సాహిత్యము చదివి పట్టభద్రుడైన దాశరథి, ఉర్దూ కవి గాలిబును తెలుగు చేసెను. ఒక భాష నేర్చుటకు మరియొక భాషను విడువనక్కరలేదని ఆయన జీవితము చెప్పుచున్నది.

నేటి కాలమునకు వత్తము. ఈ జిల్లాలోని పాకాల గ్రామమున వ్యవసాయ కూలీల ఇంట పుట్టిన మాలావత్ పూర్ణ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని. ఆమెకు కొండలెక్కు శక్తి కలదని ఏ ప్రశ్నపత్రమును చెప్పలేదు. భువనగిరి బండపై శిక్షణ ఇప్పించినపుడు అది బయటపడెను. 2014 మే 25న, పదునాల్గేండ్లు నిండకమునుపే, ఆమె ఎవరెస్టు శిఖరమున నిలిచెను. నిజామాబాదు పట్టణపు బాలిక నిఖత్ జరీన్ మొదట పరుగు పందెములలో పాల్గొనెను. ఆమెలోని శక్తికి ముష్టియుద్ధము తగినదని పిదప తేలెను. 2022లోను 2023లోను ప్రపంచ విజేత యయ్యెను. ఇద్దరి విషయమునను ఎవరో ఒకరు అవకాశము కల్పించి, చూచి, గుర్తించిరి.

2022-23 విద్యా సంవత్సరము నుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఒకటి మొదలు ఎనిమిది తరగతులలో ఆంగ్ల మాధ్యమము ప్రవేశపెట్టబడినది. ఒకప్పుడు ఈ సీమ పిల్లలు ఉర్దూలో చదివిరి, పిదప తెలుగులో చదివిరి, ఇప్పుడు ఇంగ్లీషులో చదువుచున్నారు. మాధ్యమము మారిన ప్రతిసారియు ఒక ప్రమాదము కలదు. మాట రానివానిని తెలివి లేనివానిగా లెక్కించుటయే ఆ ప్రమాదము. “నాకేం రాదు సార్” అను మాట ఇంగ్లీషు గురించి మొదలై, బాలుని సర్వస్వమునకు వ్యాపించును. దానిని మొదటనే ఆపుట ఉపాధ్యాయుని చేతిలో నున్నది.

శక్కర్‌నగర్ కర్మాగారము 2002లో ప్రైవేటు యాజమాన్యము క్రిందికి పోయినది; 2015లో మూతపడినది. దానిలో పనిచేసి వృద్ధులైనవారు ఆ చుట్టుపట్ల ఇంకను ఉన్నారు. ఉపాధ్యాయ మిత్రులు ఒక పని చేసి చూడవచ్చును. ఆదివారమునాడు ప్రతి విద్యార్థియు ఒక పెద్దను, తాత యైనను, అవ్వ యైనను, ఇరుగుపొరుగు వారైనను సరే, “మీకేమి వచ్చును? ఎట్లు నేర్చితిరి?” అని తెలుగులోనో, ఉర్దూలోనో, మరాఠీలోనో, లంబాడీలోనో అడుగవలెను. సోమవారము దానిని ఇంగ్లీషులో ఐదు వాక్యములుగ చెప్పవలెను. ముచ్చెకును, పలుకునకును, పాకమునకును ఇంగ్లీషు మాట ఏమని విద్యార్థులు అడుగుదురు. ఉపాధ్యాయుడును నిఘంటువు తెరువవలసి వచ్చును. అది చిన్నతనము కాదు. తరగతిలో తొలిసారిగా, విద్యార్థికి తెలిసి ఉపాధ్యాయునకు తెలియని సంగతి ఇంగ్లీషులో చెప్పబడును.

అప్పుడు మూడవ వరుసలోని ఆ బాలుని మరల లేపి అడుగవలెను. వాడు తడబడుచునే “ఐ కెన్ టెల్ ఎ గుడ్ సెట్ ఫ్రమ్ ఎ బ్యాడ్ వన్” అనును. ముచ్చెను ఇంగ్లీషులో “సెట్” అందురని వాడు నిఘంటువులో తానే వెదికి తెచ్చుకొనెను. ఉచ్చారణ దిద్దుటకు తొందర వలదు. ముందుగా, మంచి కన్ను ఎట్లుండునో చెప్పుమని వానిని అడుగుడు.