సముద్రమును కనిపెట్టియుండువారు



సముద్రము కంటికి గానరాని హైదరాబాదు నగరమున రేయింబవళ్లు సముద్రమునే కనిపెట్టియుండు సంస్థ యొకటి కలదు. దాని పేరు భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రము. కుదించి ఇన్‌కాయిస్ అందురు. కేంద్రప్రభుత్వము దానిని 1999లో నెలకొల్పినది. తీరమునకింత దూరమున కావలి యేమని మీరడుగవచ్చును. సముద్రపు కబురులు ఉపగ్రహముల ద్వారా వచ్చును గనుక దూరము అడ్డు కాదు. పైగా ఉప్పెన వచ్చిన నాడు కావలివాడే మునిగిపోరాదు గదా!

ఈ కావలి యేల అవసరమయ్యెనో చెప్పెదను. 2004 డిసెంబరు 26వ తేదీ ఉదయమున సుమత్రా దీవి చెంత సముద్రగర్భమున గొప్ప భూకంపము పుట్టినది. దాని వలన లేచిన సునామి మన తూర్పు తీరమును చేరుటకు రెండు గంటలకు పైగా పట్టినది. మెరకకు చేరుటకు ఆ వ్యవధి చాలును. కాని ముందుగా చెప్పువారు లేకపోయిరి. మన దేశమున పదివేలమందికి పైగా మరణించిరి.

2007 అక్టోబరు నుండి ఈ సంస్థలో సునామి హెచ్చరిక కేంద్రము పనిచేయుచున్నది. భూకంపము పుట్టిన సంగతి కొలది నిమిషములలోనే తెలియును. అయితే ప్రతి భూకంపమును సునామిని లేపదు. లేచినను నడిసముద్రమున ఆ అల మిక్కిలి తక్కువ యెత్తుండుటచే పడవవానికి తెలియదు. కావున సముద్రపు టడుగున యంత్రముల నుంచిరి. అవి తమపై నున్న నీటి బరువును తూచుచుండును. అల దాటినపుడు కలుగు భేదమును నీటిపై తేలు బోయాకు ధ్వనిరూపమున తెలుపును. బోయా ఉపగ్రహమునకు, ఉపగ్రహము హైదరాబాదునకు తెలుపును.

జాలరులకును ఈ సంస్థ తోడ్పడుచున్నది. నీటి రంగును, వేడిమిని ఉపగ్రహములు చూచి సూక్ష్మమైన నాచు ఎచట పెరిగినదో తెలుపును. నాచున్న చోటికి చిన్న చేపలును, వాని వెంట పెద్ద చేపలును చేరును. ఆ చోటి దిక్కును, దూరమును, లోతును రేవులకు తెలియజేయుదురు. చేప తప్పక దొరకునని కాదు. వృథాగా తిరుగు శ్రమయు, డీజిలు ఖర్చును తగ్గును. ఇతర దేశముల వారికిని ఇచట ఈ విద్య నేర్పుచున్నారు.

అయినను హెచ్చరిక ఊరి గడప దాకా చేరిననే ఫలము. తీరమున నేల గట్టిగా కంపించినను, సముద్రము అకస్మాత్తుగా వెనుకకు తగ్గినను, కబురుకై వేచియుండక మెరకకు పొండు. మొదటి అల పోయినదని వెంటనే దిగిరావలదు. తరువాతి అల అంతకంటె పెద్దది కావచ్చును. మెరకకు పోవు దారిని పిల్లలకు నేడే చూపుడు. ఆ పని ఏ యంత్రమును చేయజాలదు. పెద్దలైన మీరే చేయవలెను.