అక్షింతల పురుగు వాసన పట్టే తీరు

కొండాపూర్ మేడల వరండాలలో సైతం ఈ రోజుల్లో కుండీలలో చిక్కుడు పాదు పెంచేవారున్నారు. లేత చివుళ్ళకు నల్లని పేనుబంక పట్టిన కొన్నాళ్ళకు, ఎక్కడినుండో ఎర్రని అక్షింతల పురుగు వచ్చి వాలడం కద్దు. అంత ఎత్తున ఆహారమున్నదని దానికి ఎవరు చెప్పారు?

చెప్పినది వాసన. శత్రువు పట్టుకొన్నప్పుడు పేనుబంక పురుగు తన వెనుక భాగాన గల రెండు గొట్టాలనుండి ఒక ద్రవాన్ని విడుస్తుంది. అందులోని బీటా ఫార్నెసీన్ తోటి పురుగులకు ‘పారిపొండి’ అనే హెచ్చరిక. పాపం, ఆ హెచ్చరికే వేటగానికి ఆనవాలు! అయితే ఈ పదార్థం అనేక మొక్కలలోనూ ఉన్నది. మరి అక్షింతల పురుగు మోసపోదా? మొక్కల వాసనలో దీనితోపాటు సాధారణంగా కారియోఫిల్లీన్ అనే మరొక పదార్థం కలిసి ఉంటుంది. ఏడు చుక్కల అక్షింతల పురుగు మీసాలలో ఈ రెండు వాసనలను పసిగట్టే నాడీకణాలు జంటగా ఉన్నవనీ, రెండవది కలిస్తే మొదటిదాని ఆకర్షణ తగ్గుతుందనీ 2000లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు.

దగ్గరకు చేరినపిమ్మట, పేనుబంక విసర్జించే తియ్యని జిగురు దానిని అక్కడే నిలిపి వెదకిస్తుంది. గుడ్లు పెట్టే తల్లి మరింత జాగరూకురాలు. తన జాతి పిల్లపురుగులు నడిచిన ఆకుపై వాటి రసాయనపు జాడ తగిలితే, తరచు మరోచోటు చూసుకొంటుంది. ఆ పిల్లలు గుడ్లను కూడ తినివేస్తాయి మరి!

ఈ పిల్లపురుగు నల్లగా, గరుకుగా, చిన్న మొసలివలె ఉంటుంది. చీడయని భ్రమించి నలిపివేసే గృహస్థులను నేనెరుగుదును. మందు చల్లబోయేముందు ఒక్కసారి ఆకు తిప్పి చూడండి.