ట్యాబ్లో తెర మీద పావగడ ఎండ

జిల్లా కర్ణాటకలోని తుమకూరే అయినా పావగడ తాలూకాకు దాదాపు అన్ని వైపులా ఆంధ్రా సరిహద్దే. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు అక్కడ మామూలు. వాన ముఖం చాటేసినా ఎండ మాత్రం తప్పని ఈ నేలలో, నాగలమడికె హోబళి (కొన్ని ఊళ్ల పాలనా విభాగం)లోని తిరుమణి, వళ్లూరు, బళసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు గ్రామాల్లో దాదాపు 13,000 ఎకరాల్లో ‘శక్తిస్థల’ సోలార్ పార్కు పరుచుకుని ఉంది. 2018 మార్చిలో ప్రారంభోత్సవం జరిగింది. 2019 డిసెంబరుకల్లా సామర్థ్యం 2,050 మెగావాట్లకు చేరింది. ఈ భూమిని కొనలేదు. సుమారు 2,300 మంది రైతుల నుంచి 28 ఏళ్లకు కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు.

అంకెలను బొమ్మలుగా చూపించే ట్యాబ్లో సాఫ్ట్‌వేర్‌ను మచ్చిక చేసుకోవడానికి ఈ కౌలు లెక్క ఒక్కటి చాలు. ఎక్సెల్‌లో రెండు నిలువు వరుసలు రాసుకోవాలి. మొదటిదాంట్లో 1 నుంచి 28 దాకా ఏడాది సంఖ్య, రెండోదాంట్లో ఆ ఏడు ఎకరాకు వచ్చే కౌలు. పైకం కట్టక్కర్లేని ‘ట్యాబ్లో పబ్లిక్’లో ఆ ఫైలు తెరిచి, అడుగున ఉన్న ‘షీట్ 1’ నొక్కితే అసలు పనిచోటు కనిపిస్తుంది.

తొలిచూపులో అన్నీ ఖాళీ గళ్లే. ఎడమ చివర ఉన్నది డేటా పేన్. ఎక్సెల్‌లోని వరుసల పేర్లన్నీ అక్కడ ఉంటాయి. అందులో అడ్డంగా ఒక సన్నని గీత. దాని పైన ఉండేవి డైమెన్షన్లు, అంటే ఊరు, తేదీ, కంపెనీ లాంటివి, లెక్కను విడగొట్టి చూపేవి. కిందవి మెజర్లు, కూడికకో సగటుకో పనికొచ్చే అంకెలు. తెర పైభాగంలో కాలమ్స్, రోస్ అనే రెండు అరలున్నాయి. కాలమ్స్‌లో వేసింది ఎడమ నుంచి కుడికి, రోస్‌లో వేసింది పైనుంచి కిందికి సర్దుకుంటుంది.

కొత్తవాళ్లు తడబడేది సరిగ్గా ఇక్కడే. ‘ఏడాది’ని కాలమ్స్‌లోకి, ‘కౌలు’ను రోస్‌లోకి లాగితే 28 ఏళ్ల బొమ్మ రావాలి కదా! తీరా చూస్తే తెర మీద ఒకే ఒక్క చుక్క. అడ్డంగా చూస్తే అది 406 దగ్గర, నిలువుగా చూస్తే 8 లక్షల 23 వేల దగ్గర ఉంటుంది. ఏడాది సంఖ్య కూడా అంకే కాబట్టి ట్యాబ్లో దాన్ని మెజరుగా లెక్కగట్టి, 1 నుంచి 28 దాకా అన్నింటినీ కూడేసింది. కౌలునూ అలాగే కూడేసింది. డేటా పేన్‌లో ‘ఏడాది’ని పట్టుకుని గీత పైకి లాగి, కాలమ్స్‌లో ఉన్న పాతదాని స్థానంలో మళ్లీ వేస్తే 28 కడ్డీలు లేచి నిలబడతాయి. రెండేసి కడ్డీలకు ఒక మెట్టు. ప్రతి పెంపునూ అంతకుముందు కౌలు మీద లెక్కగడితే మొదటి మెట్టు 21,000, చివరి మెట్టు దాదాపు 39,600.

అరలో పడ్డ పేరు నీలం రంగులో ఉందా, ఆకుపచ్చలో ఉందా అన్నదీ చూసుకోవాలి. నీలమైతే విడివిడి శీర్షికలు, ఆకుపచ్చైతే ఎక్కడా తెగని కొలబద్ద. చేయి జారితే భయం లేదు, పైన ఎడమ పక్కనున్న వెనక్కి బాణం ఎన్ని అడుగులైనా వెనక్కి తీసుకెళ్తుంది.

ఎడమ పక్కనే ఉన్న మార్క్స్ పెట్టెలో కలర్, సైజ్, లేబుల్, డిటైల్, టూల్‌టిప్ గళ్లు ఉంటాయి. ‘కౌలు’ను లేబుల్ మీద వేస్తే ప్రతి కడ్డీ నెత్తినా రూపాయలు కనిపిస్తాయి. కలర్ మీద వేస్తే మెట్టు ఎక్కేకొద్దీ రంగు చిక్కబడుతుంది. వద్దనుకున్న ఏళ్లను తీసేయడానికి ఫిల్టర్స్ గడి ఉంది.

ఇక మ్యాపు. అయిదు ఊళ్ల పేర్లూ రాసి, ఇవి ఊళ్లని చెప్పినా ట్యాబ్లో పోల్చుకోలేకపోవచ్చు. ఆ సంగతి కుడివైపు అడుగున చిన్న అక్షరాల్లో, ‘అన్‌నోన్’ అన్న మాటతో కనిపిస్తుంది. బెంగళూరు లాంటి నగరాలు దాని జాబితాలో ఉంటాయి. పల్లెలకు మాత్రం అక్షాంశ రేఖాంశాలు ఎక్సెల్‌లో మనమే రాసివ్వాలి. అక్షాంశం రోస్‌లోకి, రేఖాంశం కాలమ్స్‌లోకి వెళ్లాలి. తారుమారైతే మ్యాపు రాదు.

ఈ అరల పద్ధతికి మూలం స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జరిగిన ‘పొలారిస్’ పరిశోధన. అందులో పనిచేసిన క్రిస్ స్టోల్టి, పాట్ హాన్రహాన్‌లు క్రిస్టియన్ షాబోతో కలిసి 2003లో ట్యాబ్లో కంపెనీ పెట్టారు. 2019లో దాన్ని సేల్స్‌ఫోర్స్ కొనుక్కుంది. మౌస్‌తో లాగి వదిలిన ప్రతిసారీ తెర వెనక డేటాబేస్‌కు ఒక ప్రశ్న వెళ్లి, జవాబు బొమ్మగా వస్తుంది. ప్రోగ్రామింగ్ రానివాళ్లు కూడా దీన్ని వాడగలగడానికి కారణం అదే.

అయితే అడగని ప్రశ్నకు జవాబు రాదు. కౌలు పట్టిక భూమి ఉన్నవాళ్ల లెక్క. ఆ చేలల్లో కూలికి వెళ్లి బతికిన భూమిలేనివాళ్లకు అందులో వరుసే లేదు. కడ్డీలు ఎంత చక్కగా పైకి పోతున్నా వాళ్ల రాబడి సంగతి ఆ బొమ్మలో కనబడదు. దాన్ని చూపాలంటే కూలి రోజుల లెక్క వేరే సేకరించి, రెండో షీటు వేయాలి. అడుగున షీట్ల పక్కనే ఉన్న డ్యాష్‌బోర్డ్ గుర్తు నొక్కి, రెండింటినీ ఒకే తెర మీద పక్కపక్కన పెట్టొచ్చు.

ట్యాబ్లో పబ్లిక్‌లో ప్రచురించింది లోకమంతా చూడగలదు. అనుమతి తీసేయకపోతే ఫైలును దించుకోనూవచ్చు. అందుకే రైతుల పేర్లు, సర్వే నంబర్లు, బ్యాంకు ఖాతాలు ఉన్న పట్టికైతే ఆ వరుసలను ముందు ఎక్సెల్‌లోనే చెరిపేసి, ఆ తర్వాతే ట్యాబ్లోలో తెరవాలి.