ఒకే తీగ – రెండు బాటలు

పట్టణమునందలి కచేరికి పనిమీద పోయినప్పుడు గుమాస్తాగారి బల్లపై కంప్యూటరును, దాని ప్రక్క టెలిఫోనును మీరు చూచియుందురు. గోడనుండి వచ్చు తీగ మాత్రము పెక్కుచోట్ల ఒక్కటియే. అది మొదట టెలిఫోనును చేరును. టెలిఫోను వెనుకనుండి వేరొక తీగ కంప్యూటరునకు పోవును. ఒక్క తీగపై మాటలును, దస్త్రములును కలగాపులగము గాక యెట్లు నడచుచున్నవి?

ఇట్టి టెలిఫోను మన మాటను అంకెలుగా మార్చి, చిన్న తునుకలుగా కోసి పంపును. సాధారణముగా సెకండునకు 50 తునుకలు పోవును. కంప్యూటరు పంపు దస్త్రములును తునుకలుగానే పోవును. అయితే టెలిఫోను తన తునుకలపై ఒక సంఖ్యను ముద్రవలె వేయును. తీగ ఆవలి కొసనున్న స్విచ్చి యను పెట్టె ఆ ముద్రను చూచి, మాటలను ఒక త్రోవను, దస్త్రములను వేరొక త్రోవను నడపును. తీగ యొకటియే యైనను బాటలు రెండు.

ఇంతమాత్రము చాలదు. ఇరుకు దారిలో ధాన్యపు బండ్లు పోవుచుండగా వైద్యుని బండి వచ్చినచో మనము తొలగి దారి యిత్తుము గదా! దస్త్రము కొంత ఆలస్యమైనను చెడదు. మాట అట్లు కాదు. సెకండును వేయి పాళ్లు చేసినచో, అందు 150 పాళ్లకు మించి ఆలస్యమైన మాటతో సంభాషణ తడబడసాగును. కావున మాటకు ముందు నడచు హక్కును గూడ ఆ ముద్రలోనే వ్రాయుదురు. స్విచ్చి ఆ హక్కును మన్నించునట్లు ఏర్పాటు చేయనిచోట, పెద్ద దస్త్రములు పోవువేళ మాట ముక్కలై వినబడవచ్చును.

మరియొక సంగతి కలదు. పూర్వపు టెలిఫోనునకు విద్యుత్తు ఎక్స్ఛేంజినుండి వచ్చెడిది. ఊరిలో దీపము లారినను అది మ్రోగెడిది. నేటి బల్ల టెలిఫోనులు పెక్కింటికి ఆ స్విచ్చియే అదే తీగపై విద్యుత్తు నిచ్చును. 2003వ సంవత్సరమున ఏర్పడిన నియమము ప్రకారము ఒక్కొక్క తీగపై 15.4 వాట్లవరకు ఈయవచ్చును. ఆ పెట్టెకు విద్యుత్తు ఆగినచో దానిపై ఆధారపడిన టెలిఫోనులన్నియు ఒక్కసారిగా మూగవోవును.

కావున మీ ప్రాంతపు ఆసుపత్రిలోనో, పంచాయతీ కచేరిలోనో ఇట్టి యేర్పాటు జరుగునప్పుడు రెండు ప్రశ్నలు తప్పక అడుగుడు. మాటకు ముందు దారి యిచ్చినారా? దీపము లారినప్పుడు స్విచ్చికిని, వెలుపలి తీగను కలుపు పెట్టెకును బ్యాటరీ కలదా? ఒకే తీగను పంచుకొనుట పొదుపే. ఆపదవేళ పిలుపు తెగిపోయినచో మాత్రము ఆ పొదుపు మిక్కిలి ఖరీదైనది.