రోబో ఉచితం, రేపర్లు కొనాలి

1986లో అమెరికా పిల్లలు మోజుపడ్డ ఒక మరబొమ్మ అక్కడి దుకాణాల్లో దొరికేది కాదు. దాని పేరు రిఫ్లెక్టర్. మూడు చిన్న రోబోలు కలిస్తే ఒక కెమెరా అవుతుంది. అది కావాలంటే హాస్‌బ్రో కంపెనీవారి ట్రాన్స్‌ఫార్మర్స్ బొమ్మలు ముందుగా కొనాలి. అట్టపెట్టెల మీద అచ్చువేసిన ‘రోబో పాయింట్ల’ను కత్తిరించి, వాటికి కొన్ని డాలర్లు జతచేసి పోస్టులో పంపాలి. ఆ తర్వాత వారాల తరబడి టపా కోసం ఎదురుచూడాలి. అదే ఏడాది ఆగస్టు 8న ‘ద ట్రాన్స్‌ఫార్మర్స్: ద మూవీ’ అనే యానిమేషన్ సినిమా విడుదలైంది. పిల్లలు ప్రాణంగా చూసుకున్న నాయకుడు ఆప్టిమస్ ప్రైమ్ అందులో చనిపోతాడు. ఆ చావును కోరింది కథ కాదు. పాత బొమ్మల వరస తీసేసి కొత్త వరసను అమ్మకానికి పెట్టాలి కాబట్టి పాత పాత్రలు తెర మీద కూలిపోయాయి. ఆ సినిమాకు పనిచేసిన ఫ్లింట్ డిల్ తర్వాతి కాలంలో ఈ సంగతి దాచుకోలేదు. పిల్లలు ఎంతగా తల్లడిల్లారంటే, 1987లో టీవీ సీరియల్లో ఆప్టిమస్‌ను మళ్ళీ బతికించాల్సి వచ్చింది. సినిమా బొమ్మల జాబితాగా, బొమ్మ సినిమా టికెట్టుగా మారిన ఆ పద్ధతి ఇవాళ, చిరుతిళ్ల రేపర్లు పోగుచేసి పంపితే బొమ్మ ఉచితమనే పథకాలుగా, తెలుగు నేల మీదా వేళ్లూనుతోంది. గుంతకల్లు లాంటి ఊరి నుంచి చూస్తే దాని అసలు ఖరీదు స్పష్టంగా కనిపిస్తుంది.

ముందుగా ఈ పద్ధతికి దక్కాల్సిన మంచిమాట చెప్పాలి. పోస్టు ద్వారా వచ్చే బొమ్మ దూరాన్ని చెరిపేసింది. పెద్ద బొమ్మల దుకాణం లేని ఊళ్లో కూడా రైలు ఆగితే చాలు, టపా దిగుతుంది. గుంతకల్లు పెద్ద జంక్షన్, రైల్వే డివిజన్ కేంద్రం. ఉత్తరాలను వేరుచేసి ఊళ్లకు పంపే రైల్వే మెయిల్ సర్వీసుకూ ఇక్కడ డివిజన్ కార్యాలయం ఉంది. వీపీపీలో పుస్తకాలూ వస్తువులూ తెప్పించుకోవడం ఒక తరం తెలుగు ఇళ్లకు బాగా తెలిసిన పని. పోస్ట్‌మ్యాన్ చేతిలో డబ్బు పెట్టి పొట్లం అందుకునేవారు. ఆ లావాదేవీలో హైదరాబాదు పిల్లవాడికీ గుంతకల్లు పిల్లవాడికీ ధర ఒకటే. అది చిన్న సమానత్వమేమీ కాదు. రేపర్లు దాచుకుని, లెక్కపెట్టుకుని, ఎదురుచూడటంలో పిల్లలకు ఓపిక అలవడుతుందనే వాదనలోనూ కొంత నిజముంది.

అయితే వీపీపీకీ రేపర్ల పథకానికీ మధ్య తేడా ఉంది, నా అభ్యంతరమంతా అక్కడే. వీపీపీలో వస్తువు ధర ముందే తెలుస్తుంది. ఇంటి పెద్దలు దాన్ని చూసి సరే అంటారు, లేదా వద్దంటారు. రేపర్ల పథకంలో బొమ్మ ధర ఎక్కడా ఉండదు. అది ఐదు రూపాయల బిస్కెట్ పొట్లాలుగా, పది రూపాయల చిప్స్ ప్యాకెట్లుగా ముక్కలైపోయి అంగడి ముందు వేలాడుతూ ఉంటుంది. గుంతకల్లు ఉన్న ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున కురిసేది 550 మిల్లీమీటర్ల పైచిలుకు వాన. శెనక్కాయ రైతు ఇంటికి డబ్బు చేరేది పంట చేతికొచ్చినప్పుడే, అదీ వాన కరుణిస్తేనే. అలాంటి ఇళ్లలో పెద్ద ఖర్చు ఏదైనా నలుగురూ కూర్చుని మాట్లాడుకున్నాకే జరుగుతుంది. ఒక రోబో బొమ్మ మూడు వందలని ముందే తెలిస్తే దాని గురించీ అలాగే మాట్లాడుకుంటారు. ఆ మూడు వందలను ఐదు రూపాయల బిళ్లలు అరవైగా విడగొడితే మాట్లాడుకునే అవకాశమే ఉండదు. నిర్ణయం తల్లి చేతిలోంచి జారి, బడికి పోయే ఏడేళ్ల పిల్లవాడి జేబులో పడుతుంది. కంపెనీకి కావలసిందీ అదే.

పైగా చివరిదాకా పోగుచేసి పంపేవాళ్లు కొందరేనన్నది ఇలాంటి పథకాలకు పునాది. పదింటికి ఎనిమిది రేపర్ల దగ్గర ఆగిపోయిన పిల్లవాడు ఎనిమిది పొట్లాలు కొన్నాడు, బొమ్మ మాత్రం రాలేదు. ఆ లెక్క తప్పితే ఏమవుతుందో 1992లో బ్రిటన్‌లో హూవర్ కంపెనీ చూపించింది. వంద పౌండ్ల సరుకు కొన్నవారికి విమాన టికెట్లు ఉచితమంది. అనుకున్నదానికి ఎన్నో రెట్లు జనం టికెట్లు అడిగారు, కంపెనీ నష్టం కోట్ల పౌండ్లకు చేరింది. అందరూ అడగరన్న నమ్మకం మీదే ఆ పథకం నిలబడింది. అక్కడ టికెట్లు దక్కక నష్టపోయిన కొనుగోలుదారులు పెద్దలు, వారు పోరాడగలిగారు. ఎనిమిది రేపర్లు మిగిలిన పిల్లవాడు ఎవరిని అడుగుతాడు?

బొమ్మల ఆదాయం లేకపోతే యానిమేషన్ ఎలా బతుకుతుందని అడిగేవారున్నారు. ఈ ప్రశ్నను తేలిగ్గా తీసేయలేం. 2001లో హైదరాబాదులో రాజీవ్ చిలక స్థాపించిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్, 2008లో ‘ఛోటా భీమ్’ను టీవీలోకి తెచ్చి, తర్వాత బొమ్మలు, బ్యాగులు అమ్మే సొంత దుకాణాలూ తెరిచింది. ‘కల్కి 2898 ఏడీ’కి ముందు 2024 మే 31న ‘బుజ్జి అండ్ భైరవ’ యానిమేషన్ వచ్చింది. మాట్లాడే రోబో కారు బుజ్జి తెలుగు పిల్లలకు చుట్టమైపోయింది. బుజ్జి బొమ్మలు, స్టిక్కర్లు పెట్టిన కానుకల పెట్టెను చిత్రబృందం ఒక సినీ కుటుంబానికి పంపిందన్న వార్తా చదివాం. బుజ్జి బొమ్మ గుంతకల్లు అంగట్లోకీ రావాలనే నా కోరిక. తెలుగు యానిమేషన్ నిలబడాలి, దానికి డబ్బు కావాలి. కానీ ఛోటా భీమ్ దుకాణంలో బ్యాగు మీద ధర చీటీ ఉంటుంది. బొమ్మ అమ్మడంలో తప్పు లేదు. బొమ్మను ఎరవేసి పొట్లాలు అమ్మడమే తప్పు. 1987లో ఎంఆర్ఎఫ్‌తో కలిసి హాస్‌బ్రో మన దేశంలో పెట్టిన ఫన్‌స్కూల్ కూడా ధర రాసిన పెట్టెలు అమ్మే ఇన్నేళ్లు నిలిచింది.

అదుపు చేయాల్సింది తల్లిదండ్రులే కదా అనేది ఇంకో మాట. కనపడని ధరను ఎవరైనా ఎలా అదుపు చేస్తారు? చట్టం ఈ సంగతి గుర్తించింది కూడా. 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ప్రకటనకు స్పందించడానికి తప్పనిసరైన ఖర్చు, సరుకు తెచ్చుకునే ఖర్చు తప్ప ఇంకేం చెల్లించాల్సి వచ్చినా దాన్ని ఉచితమని ప్రకటించకూడదు. కానుకలు చూపి పిల్లల చేత అవసరం లేనివి కొనిపించే ప్రకటనలనూ అవి నిషేధించాయి. రేపర్ల పథకాలను ఈ రెండు నియమాలతో కొలిస్తే ఎన్ని నిలుస్తాయో అధికారులే తేల్చాలి. ఫిర్యాదు అందితేనే కదలడం కాదు, సినిమా విడుదలకు ముందే అలాంటి పొట్లాలను పరిశీలించాలి.

ఇప్పుడు పోస్టు కవరు స్థానంలో క్యూఆర్ కోడ్ వచ్చింది. ఒకప్పుడు కంపెనీకి చేరేది ఇంటి చిరునామా. ఇప్పుడు ఫోన్ నంబరు, పిల్లల పేరు, వయసు, వాళ్లు ఏం చూస్తారో అన్న ఆనవాళ్లు కూడా చేరతాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు వారి వివరాలకు తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి అంటోంది, పిల్లలను గురిపెట్టి ప్రకటనలు పంపడాన్నీ కాదంటోంది. కాబట్టి రోబో కోసం ఫోన్ చాపే పిల్లవాడి పక్కన మీరు నిలబడి, పొట్లం వెనక ఉన్న షరతులు చదవండి. ఆ బొమ్మకు మొత్తం ఎన్ని పొట్లాలు, ఎంత డబ్బు అవుతుందో పిల్లవాడి చేతే లెక్క వేయించండి. మాట తప్పితే, బొమ్మ రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కి ఫోన్ చేయండి. తెలుగులోనే ఫిర్యాదు చెప్పవచ్చు.